అతుకుల వైరు

ఎల్లారెడ్డి దగ్గర ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక ఇంట్లో అత్తాకోడళ్లు ఇద్దరూ బీడీలు చుడతారు. ఎండాకాలం వచ్చింది. లోపల ఒకటే ఉక్క. ఇద్దరూ వసారాలో కూర్చున్నారు. కూలరు కూడా వసారాలోకి జరిపారు. కానీ ఎక్స్‌టెన్షన్ బోర్డు వైరు అక్కడిదాకా అందలేదు.

అత్త పాత వైరు ముక్క ఒకటి వెతికి తెచ్చింది. “దీన్ని మెలేసి అతికిస్తే సరిపోతది” అన్నది.

కోడలి తమ్ముడు కామారెడ్డిలో కరెంటు పని చేస్తాడు. ఆ రోజే అక్కను చూడడానికి వచ్చాడు. ముందుగా బోర్డు ప్లగ్గును గోడ నుంచి పీకేశాడు. తర్వాత వైరును చూశాడు. మధ్యలో అప్పటికే ఒక అతుకు ఉంది. దాని మీద చుట్టిన ప్లాస్టిక్ కవరు కరిగి నల్లబడింది.

“ఇది ఎవరు చేసిండ్రు అక్కా?”

“నేనే చుట్టిన తమ్మీ. రెండేండ్లాయె. ఏం కాలే.”

“ఇన్నాళ్లు కాలే. వేడికి కాలొచ్చు. తడి తగిలితే పాణం పోవచ్చు.”

“కొత్త వైరంటే పైసలు గావాలె గద! వెయ్యి బీడీలు చుడితే ఎంతొస్తది?” అన్నది అత్త.

“అత్తమ్మా, 2022 జులైల కామారెడ్డి బీడీ వర్కర్స్ కాలనీల ఏమైందో యాదికి లేదా?” అన్నాడు తమ్ముడు.

అవి వానల రోజులు. బట్టలు ఆరేసే తీగకు కరెంటు వచ్చింది. ఒకే ఇంట్లో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు చనిపోయారు.

అత్త మారు మాట్లాడలేదు. పాత ముక్కను అవతల పడేసింది.

అతుకు ఎందుకు చెడ్డది?

మెలేసిన చోట తీగలు వదులవుతాయి. వదులైన చోట కరెంటు పోతుంటే వేడి పుడుతుంది. వేడికి పైతొడుగు కరుగుతుంది. నిప్పు అంటుకోవచ్చు. తొడుగు పోయిన తీగను ముట్టుకుంటే షాకు కొడుతుంది. అందుకే వైరు పొడుగు కావాలంటే ముక్క అతకరాదు. మొత్తం వైరును మార్చాలి.

వైరు ఎట్లా మార్చాలి?

కోడలు, తమ్ముడు ఎల్లారెడ్డి బజారుకు పోయి వైరు కొన్నారు. అందులో మూడు రాగి తీగలు ఉన్నాయి. దాని మీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉంది. మూడు పిన్నుల ప్లగ్గు కూడా తెచ్చారు. తమ్ముడు పని చేస్తుంటే కోడలు పక్కన కూర్చుని చూసింది.

1. ప్లగ్గు గోడకు ఉండగా బోర్డు మూత విప్పరాదు. స్విచ్చి ఆపితే చాలదు. ప్లగ్గు పీకాలి.

2. ఎర్ర తీగ కరెంటు తెచ్చేది. నల్ల తీగ తిరిగి పోయేది. పచ్చ తీగ ఎర్తుది. కొన్ని వైర్లలో ఎరుపు బదులు గోధుమ రంగు, నలుపు బదులు నీలం ఉంటాయి.

3. పచ్చ తీగను ప్లగ్గులోని లావుపాటి పెద్ద పిన్నుకు బిగించాలి. ఎర్రదాన్ని ‘ఎల్’ అక్షరం దగ్గర, నల్లదాన్ని ‘ఎన్’ అక్షరం దగ్గర బిగించాలి. బోర్డులో కూడా ఏ తీగ చోట ఆ తీగే ఉండాలి. ఎర్ర తీగ స్విచ్చి గుండా పోవాలి.

4. ఒక్క పోగు కూడా బయటికి రాకూడదు. వైరును పట్టి ఉంచే క్లిప్పును గట్టిగా బిగించాలి.

ఈ పని తెలిసిన మనిషి చేతనే చేయించాలి. కానీ సరిగా చేశాడా లేదా చూసుకోవడం మనకు తెలియాలి.

ఎర్తు సంగతి మరవరాదు. కూలరు ఇనుప డబ్బాకు కరెంటు పాకితే దాన్ని భూమిలోకి పంపేది ఎర్తే. గోడ సాకెట్టుకు ఎర్తు లేకపోతే పచ్చ తీగ ఉన్నా లాభం లేదు. ఇంటికి ఎర్తు ఉందో లేదో పరీక్ష చేయించాలి. ఎర్తు ఉన్నా సరే, కూలరులో నీళ్లు పోసేముందు ప్లగ్గు తీయాలి.

ఎంత బరువు మోస్తుంది?

బోర్డు మీద 6 అని రాసి ఉంది. కోడలు చదివింది. అంటే అది 6 ఆంపియర్లు మోస్తుంది. మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. 6 × 230 = 1380. ఈ బోర్డుకు 1380 వాట్లు దాటరాదు. కూలరుకు సుమారు 200 వాట్లు చాలు. నీళ్లు కాచే హీటరు మీద 1500 అని ఉంది. హీటరును ఈ బోర్డుకు పెట్టరాదు.

ఎవరికైనా షాకు కొడితే

మనిషిని ముట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆపాలి. ఆపలేకపోతే పొడి కట్టెతో వైరును దూరం నెట్టాలి. వెంటనే 108కి ఫోన్ చేయాలి. బయట లైను తెగి పడితే దగ్గరికి పోవద్దు. 1912కు చెప్పాలి.

సాయంత్రం కోడలు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసింది. “హీటరు ఇందులో పెట్టవద్దు.” దాన్ని బోర్డు పైన గోడకు అంటించింది. అత్త ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది.

జవాబులు చెప్పండి

1. వైరును మధ్యలో ఎందుకు అతకరాదు?
2. పచ్చ తీగ పని ఏమిటి?
3. కూలరు 200, ఇస్త్రీ పెట్టె 1000, మిక్సీ 500 వాట్లు. మూడూ కలిపితే ఎంత? 6 ఆంపియర్ల బోర్డుకు ఒకేసారి పెట్టవచ్చా?
4. మీ ఇంట్లో అతుకు ఉన్న వైర్లు ఎన్ని? చూసి రాయండి.