షుగరు వ్యాధి ఉన్న ఇంటికి సరుకుల చీటీ

మీ ఇంట్లో ఒకరికి షుగరు వ్యాధి ఉందని డాక్టరు గారు చెప్పారు. మందులు రాసి ఇచ్చారు. "అన్నం తగ్గించండి, తీపి మానండి" అన్నారు. ఇంటికి వెళ్ళాక వారం రోజులు అందరూ జాగ్రత్తగా ఉంటారు. ఆ తరువాత డబ్బాలో జంతికలు, అలమారలో బిస్కెట్లు, ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకు ఎప్పటిలాగే ఉంటాయి. అందరూ తింటుంటే రోగి ఒక్కరే చూస్తూ కూర్చోవాలి. ఎన్నాళ్ళు కూర్చోగలరు? చాటుగా తినడం మొదలవుతుంది. మనం కోప్పడతాం. వారు దాస్తారు. చివరికి డాక్టరు గారికి కూడా నిజం చెప్పరు.

ఇందులో తప్పు రోగి ఒక్కరిదే కాదు. కొట్టు నుండి ఇంటికి వచ్చిన సరుకు ఎవరో ఒకరి నోట్లోకి వెళ్ళక తప్పదు. కాబట్టి రోగికి వేరే వంట చేయకండి. ఇంటిల్లిపాదికీ సరుకుల చీటీనే మార్చండి. ఇందుకు పంటు దాటి నర్సాపురం వెళ్ళి ప్రత్యేకమైన ప్యాకెట్లు కొననక్కరలేదు. సఖినేటిపల్లిలో మీరు రోజూ వెళ్ళే కిరాణా కొట్టు, కూరగాయల బజారు, మీ పెరడు చాలు.

బియ్యం, చిరుధాన్యాలు

100 గ్రాముల తెల్ల బియ్యంలో సుమారు 78 గ్రాములు పిండి పదార్థమే. అది కడుపులో చక్కెరగా మారుతుంది. రాగుల్లో కూడా సుమారు 70 గ్రాములు ఉంటుంది. "రాగి జావ షుగరుకు మందు" అని పెద్ద గ్లాసులతో తాగేవారు ఇది గమనించాలి. పిండిని జావగా కాస్తే త్వరగా అరిగి షుగరు త్వరగా పెరుగుతుంది. రాగి సంకటి, జొన్న రొట్టె, కొర్రల అన్నం మంచివే, కాని అన్నానికి బదులుగా తినాలి, అన్నంతో పాటు కాదు. దంపుడు బియ్యం, సింగిల్ పాలిష్ బియ్యం దొరికితే కొనండి. ఏ బియ్యమైనా కొలత తప్పనిసరి. కంచంలో సగం కూరలు, పావు వంతు అన్నం, పావు వంతు పప్పు లేదా చేప లేదా గుడ్డు ఉండాలి.

పప్పులు, చేపలు

పెసలు, శనగలు, అలసందలు, ఉలవలు, కందిపప్పు చీటీలో పెంచండి. 100 గ్రాముల పెసరపప్పులో సుమారు 24 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఆకలి త్వరగా వేయదు. గోదావరి ఒడ్డున ఉన్న మనకు చేపలకు కొదవ లేదు. చేపలో పిండి పదార్థం లేదు. పులుసు పెట్టుకోండి, వేపుడు తగ్గించండి. ఉప్పు చేపలు బి.పి. కూడా ఉన్నవారికి మంచివి కావు.

కూరలు

తోటకూర, బచ్చలి, ములగాకు, బీర, పొట్ల, ఆనప, దొండ, బెండ, వంకాయ, అరటి పువ్వు, అరటి దూట ధారాళంగా తినవచ్చు. కంద, చేమ, పెండలం, బంగాళాదుంప, అరటికాయ మాత్రం కూరల లెక్కలోకి రావు, అన్నం లెక్కలోకి వస్తాయి. ఇవి వండిన రోజు అన్నం ఇంకా తగ్గించాలి.

బెల్లం, తేనె, పండ్లు

"పంచదార మానేశాం, బెల్లమే వాడుతున్నాం" అని చాలామంది చెబుతారు. బెల్లంలో కూడా అత్యధిక భాగం చక్కెరే. తేనె కూడా అంతే. 2023లో జి.ఐ. గుర్తింపు పొందిన మన ఆత్రేయపురం పూతరేకులు బెల్లంతో చేసినా, పంచదారతో చేసినా షుగరు రోగికి ఒకటే. షుగరు అదుపులో ఉంటే రోజుకు ఒక జామకాయ గాని, ఒక చిన్న అరటిపండు గాని తినవచ్చు. గెల పెరట్లోదే కదా అని లెక్క మరువవద్దు.

కువైట్, మస్కట్, దుబాయిల నుండి వచ్చేవారు ఖర్జూరం తెస్తారు. ప్రేమతో తెచ్చినదే, కాని అందులో మూడింట రెండు వంతులు చక్కెర. ఒక కాయతో ఆపాలి. అక్కడే పని చేస్తున్న మీ వారికి షుగరు ఉంటే ఫోనులో ఇలా చెప్పండి: అక్కడి పాకిస్తానీ కొట్లలో కాబూలీ శనగలు, మైసూరు పప్పు, పొట్టు తీయని గోధుమపిండి కొనుక్కోవాలి. మైదా నాన్, రంగు షర్బత్తులు, నూనెలో వేయించిన కారపు మిక్చరు మానాలి. బాస్మతి అయినా బియ్యమే, కొలత తప్పదు.

చిరుతిండి

సాయంత్రానికి శనగల గుగ్గిళ్ళు, ఉడికించిన పెసలు, వేపిన శనగలు, గుప్పెడు వేరుశనగ గుళ్ళు, పలుచని మజ్జిగ మంచివి. మరమరాలు తేలికగా ఉన్నా షుగరును త్వరగా పెంచుతాయి. మైసూరు బజ్జీ, బన్ను, రస్కు అన్నీ మైదాయే. రోగిని చూడడానికి వచ్చేవారు తెచ్చే బ్రెడ్డు, బిస్కెట్లు, తీపి మాల్టు పొడులు కూడా ఈ కోవలోనివే.

ప్యాకెట్టు కొనేటప్పుడు వెనుక వైపు చదవండి. ఎక్కువగా వాడిన పదార్థాన్ని మొదట రాస్తారు. మొదటి మూడింటిలో మైదా, పంచదార, గ్లూకోజ్ సిరప్, మాల్టోడెక్స్‌ట్రిన్ ఉంటే తిరిగి పెట్టేయండి. "షుగర్ ఫ్రీ" అని ఉన్నా మైదా మైదాయే.

నూనె, ఉప్పు

మనిషికి నెలకు అర లీటరు నూనె చాలు. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించరాదు. అంటే నలుగురున్న ఇంటికి నెలకు 600 గ్రాములు. ఆవకాయలో ఉప్పు కూడా ఈ లెక్కలోదే.

ముఖ్య హెచ్చరిక

ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు డాక్టరు గారికి చెప్పకుండా ఒక్కసారిగా అన్నం తగ్గించరాదు. ఉపవాసం ఉండరాదు. షుగరు బాగా పడిపోతే చెమటలు, వణుకు, విపరీతమైన ఆకలి, మాట తడబడడం కనిపిస్తాయి. అందుకే మీ చీటీలో చిన్న పంచదార పొట్లం కూడా ఉండాలి. అది మందులాగా అందరికీ తెలిసిన చోట ఉంచండి. ఈ లక్షణాలు కనిపించగానే మూడు టీ చెంచాల పంచదార అర గ్లాసు నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాలకు తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక ఏదైనా తినిపించండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయరాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.

కిడ్నీ జబ్బు కూడా ఉన్నవారు పప్పులు, ఆకుకూరలు, కొబ్బరి నీళ్ళు ఎంత తీసుకోవాలో డాక్టరు గారిని అడిగి తెలుసుకోవాలి.

ఈ నెల సరుకులకు వెళ్ళే ముందు రోగిని పక్కన కూర్చోబెట్టుకొని చీటీ రాయండి. వారికి ఇష్టమైనవి అడగండి. అన్నీ మాన్పించినట్లు కాక, అందరూ కలిసి మారినట్లు వారికి అనిపించాలి. మళ్ళీ పరీక్షకు వచ్చినప్పుడు మందుల చీటీతో పాటు ఆ సరుకుల చీటీ కూడా తీసుకురండి. రెండింటినీ కలిపి చూస్తేనే వైద్యం సరిగా సాగుతుంది.