దూడ పేగు – ముర్రుపాలు

ఆవుగాని గేదెగాని ఈనిన తరువాత మాయ పడువరకు దూడను పొదుగు దగ్గరకు పోనీయని వాడుక మన పల్లెలలో నేటికిని కొన్ని చోట్ల ఉన్నది. మాయ పడుటకు ఎనిమిది, పది గంటలు పట్టవచ్చును. దూడ బ్రతుకునకు ఈ గంటలే మిక్కిలి విలువైనవి.

గర్భమందున్నప్పుడు తల్లి రక్తములోని రోగనిరోధక పదార్థములు మాయను దాటి పిల్లకు చేరవు. దూడకు అవి ముర్రుపాల ద్వారానే అందవలెను. అప్పుడే పుట్టిన దూడ పేగు వాటిని అరిగింపక, ఉన్నవున్నట్లుగా రక్తములోనికి పంపగలదు. గంటగంటకు ఈ శక్తి తగ్గి, సుమారు 24 గంటలకు ఆ దారి మూసుకొనిపోవును. మరునాడు కుండెడు ముర్రుపాలు త్రాపినను ఈ లాభము రాదు.

ముర్రుపాలు పేగును కూడ పెంచును. ఇది తెలియవలెనన్న హార్మోనుల సంగతి కొంత చెప్పవలెను. 1902లో లండనులో బేలిస్, స్టార్లింగ్ అను శాస్త్రజ్ఞులు సెక్రెటిన్ అను హార్మోనును కనుగొనిరి. పొట్టలోని పులుపు చిన్నప్రేగును తాకగానే ఇది రక్తములో కలిసి క్లోమమును చేరి, రసము విడువుమని కబురందించును. కబురు వచ్చిన చాలదు, అందుకొనువారుండవలెను. కణములపై అట్లు అందుకొను భాగములను గ్రాహకములందురు. తాళమునకు తగిన చెవి వలె, ఏ హార్మోనుకు ఆ గ్రాహకము వేరు. పుట్టుకనాటికి ఈ ఏర్పాటు పూర్తికాదు. దూడ క్లోమములో కోలెసిస్టోకైనిన్ అను మరియొక హార్మోనును అందుకొను గ్రాహకములు రెండు రకములు. వయసుతో వాటి పాళ్లు మారుచుండును. ముర్రుపాలలో ఇన్సులిన్, దానిని పోలిన పెరుగుదల పదార్థములు మెండు. వాటిని అందుకొను గ్రాహకములు దూడ పేగుపొరలో పుట్టుకనుండియే ఉండును.

పిండి పదార్థమును అరిగించు క్లోమరసము మొదటి వారములలో స్వల్పము. పాలు మిగుల్చుకొనుటకై వారము దినముల దూడకు గంజి పోయుదురు. అది అరుగక పారుడు పట్టును. ఆ లాభము వైద్యపు ఖర్చుకు చాలదు.

కనుక మాయకొరకు ఎదురుచూడవలదు. దూడ చీకుటవలన మాయ పడుటకు సాయమే గాని హాని లేదు. పొదుగు కడిగి, మొదటి నాలుగు ధారలు పారబోసి, పుట్టిన గంటలోపల త్రాపవలెను. దూడ బరువులో పదవవంతు మొదటి దినమున అందవలెను. అనగా 25 కిలోల దూడకు రెండున్నర లీటర్లు. అందులో సగము మొదటి రెండు గంటలలోనే. చీకలేని దూడకు పిండి, శుభ్రమైన సీసాతో మెల్లగా పట్టవలెను. ఇంటిల్లిపాదికి జున్నుపై ఉన్న మక్కువ ఎరుగనిది కాదు. దూడ వంతు తీరిన తరువాత మిగిలినది జున్ను వండుకొనవచ్చును.