ఒక్క కంపెనీ వాటాలా, సూచీ నిధియా?

పత్తి యమ్మగా మిగిలిన సొమ్ముతో వాటాలు కొనవచ్చునా యని ఆదిలాబాదు రైతులు కొందరు నన్నడుగుచున్నారు. హైదరాబాదునందలి సత్యం కంప్యూటర్స్ మనవారిదే గదా యని పూర్వమెందఱో దాని వాటాలు కొనిరి. మనవారిదనుట లెక్కల పరీక్ష గాదు. 2009 జనవరి 7వ తేదీన దాని యధ్యక్షుడు రామలింగరాజు లెక్కలలోని లాభములు కల్పితములని తానే యొప్పుకొనెను. ముందునాడు సుమారు 179 రూపాయలున్న వాటా ఆ సాయంకాలమునకు 40కి దిగెను.

నిఫ్టీ సూచీనందలి 50 కంపెనీలలో సత్యము నొకటి. సూచీ నిధి యనగా ఆ 50 వాటాలను గలిపి కొనునది. ఆనాడు వాటాల సంతయంతయు బెదరినను సూచీ తగ్గినది నూటికి 6 మాత్రమే. కొలది దినములలో సత్యమును దొలగించి వేఱొక కంపెనీని జేర్చిరి. పత్తిసాళ్ల నడుమ కంది వేయువారికిది వింత గాదు.

అయినను 2008లో సూచీయు సగమునకు బైగా పడినది. కావున సంఘమున దెచ్చిన పంటఋణమును ఇందు బెట్టరాదు. ఏడెనిమిదేండ్లు ముట్టనక్కఱలేని సొమ్మే పెట్టవలెను.