'లైన్' అనే మాటను పూర్తిగా నేర్చుకోవడం ఎలా?

ఇంగ్లీషు నేర్చుకుందామని కూర్చున్న పిల్లలు పుస్తకంలో ఒకవైపు మాట, ఎదురుగా అర్థం రాసుకుని బట్టీ పడతారు. లైన్ అంటే గీత. దాంతో ఆ మాట వచ్చేసిందనుకుంటారు. మర్నాడు ఏ పాఠంలోనో నటుడు తన లైన్స్ మరిచిపోయాడని చదువుతారు. నటుడికి గీతలతో పనేమిటో తోచక పుస్తకం మూసేస్తారు. వాళ్ల తెలివికి వచ్చిన లోటేమీ లేదు, నేర్పిన పద్ధతిలోనే లోటుంది. నంద్యాల, ఆళ్లగడ్డల్లో ఉండేవాళ్లు ఈ మాటను ఒక్క వారంలో చేజిక్కించుకోవచ్చు. ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను, రెండు చెవులు చాలు.

మొదటి పని: వినండి, రాయండి

నిఘంటువు అప్పుడే తెరవొద్దు. పొద్దున లేచింది మొదలు మీ చుట్టూ ఎవరు 'లైను' అన్నా ఆ వాక్యం మొత్తం రాసుకోండి. గాలివానకు కరెంటు లైను తెగిందంటారు. ఫోనులో "లైన్లోనే ఉండప్పా" అంటారు. అహోబిలంలో దర్శనానికి లైన్లో నిలబడతారు. పెళ్లి మాటల దగ్గర "అబ్బాయి ఏ లైన్లో ఉన్నాడు?" అని అడుగుతారు. నంద్యాల–ఎర్రగుంట్ల రైల్వే లైను 2016లో పూర్తయిందని చెప్పుకుంటారు.   జాకెట్టుకు లైనింగ్ వేయమని దర్జీకి చెబుతారు. క్రికెట్ ఆడే పిల్లలు లైన్, లెంగ్త్ అంటూ వాదులాడుకుంటారు. రెండు రోజుల్లో పది వాక్యాలు పోగవుతాయి.

రెండో పని: 'లైను' తీసేసి తెలుగు మాట పెట్టండి

కరెంటు లైను దగ్గర తీగ వస్తుంది, గుడి దగ్గర వరస, పెళ్లి మాటల్లో వృత్తి, రైలు దగ్గర దారి, పొలంలో సాలు, వంశవృక్షం గీస్తే వంశం, పొలం గట్టు తగాదాలో హద్దు. ఇంగ్లీషువాళ్లు ఒకే మాటతో నెట్టుకొచ్చిన చోట మనకు ఇన్ని మాటలున్నాయి. ఒక్కో తెలుగు మాటకు ఒక్కో పేజీ కేటాయించి, మీ వాక్యాలను అక్కడ సర్దండి.

ఇక్కడొక జాగ్రత్త. ఎర్రన నృసింహపురాణంలో చెప్పింది మన అహోబిల క్షేత్ర కథే. అందులో ఒక పద్యపాదాన్ని ఇంగ్లీషులో ప్రస్తావించాలంటే 'లైన్' అనాలి. పాదం కదా అని 'ఫుట్' అంటే తప్పు. వాళ్ల ఛందస్సులో ఫుట్ అంటే ఇంచుమించు మన గణం.

మూడో పని: వేరు పట్టుకోండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. తీరిక చేసుకుని ఒకసారి ఆళ్లగడ్డ శిల్పుల పనిచోటుకు వెళ్లండి. భౌగోళిక గుర్తింపు పొందిన కళ వాళ్లది. రాతిమీద తిన్నని గీత పడాలంటే రంగులో ముంచిన దారాన్ని రెండు కొసలా బిగబట్టి, మధ్యలో పైకి లాగి వదిలే పద్ధతి ఒకటుంది. దారం చేసిన గుర్తే అక్కడ గీత. లైన్ అనే మాట పుట్టిందీ దారం నుంచే. లాటిన్‌లో లీనుమ్ అంటే అవిసె. అవిసె నారతో పేనిన దారం లీనెయా. ఆ దారమే పోనుపోను లైన్ అయింది. మన 'సూత్రం' కథ కూడా ఇలాంటిదే. దారమూ సూత్రమే, నియమమూ సూత్రమే. శిల్పశాస్త్రంలో కొలతలు చూసేవాణ్ని సూత్రగ్రాహి అన్నారు, అంటే దారం పట్టేవాడు.

దారాన్ని మనసులో పెట్టుకుని మీ పేజీలు మళ్లీ తిరగేయండి. సాగదీస్తే గీత, వేలాడితే తీగ, మనుషుల్ని గుచ్చితే వరస, తరాల్ని గుచ్చితే వంశం. నటుడి లైన్స్ అంటే కాగితంమీద వరసగా రాసిచ్చిన అతని మాటలు.

మరి లైనింగ్? అదీ అవిసె ఇంటి బిడ్డే. ఆ నారతో నేసిన బట్ట లినెన్. పూర్వం కోటుల లోపలివైపు ఆ బట్టే వేసి కుట్టేవాళ్లు. అలా లోపల పొర వేయడం 'లైన్' అనే క్రియ అయింది. కర్నూలు–కడప కాలువ సంగతి చూడండి.  నీళ్లు నేలలోకి ఇంకిపోకుండా ఇలాంటి కాలువ లోపల కాంక్రీటు పొర వేస్తే దాన్నీ లైనింగ్ అనే అంటారు. దర్జీ పనీ కాలువ పనీ ఒకటే మాటతో నడుస్తున్నాయి. రోడ్డుకు రెండు వైపులా చెట్లుంటే 'లైన్డ్ విత్ ట్రీస్' అంటారు గానీ, అది వరస నుంచి వచ్చిన అర్థం. దాన్ని లైనింగ్ పేజీలో కలపొద్దు.

నాలుగో పని: జతమాటలతో కలిపి రాయండి

'లైన్' ఒంటరిగా ఉంటే గుర్తుండదు. 'డ్రా ద లైన్' అంటే ఇంతవరకే అని లక్ష్మణరేఖ గీయడం. 'హోల్డ్ ద లైన్' ఫోనులో అయితే పెట్టేయకుండా ఉండమని, పోరులో అయితే వెనక్కి తగ్గొద్దని. 'డ్రాప్ మీ ఎ లైన్' అంటే రెండు ముక్కలు రాసి పంపమని. 'ఇన్ లైన్ విత్' అంటే అనుగుణంగా. 'రీడ్ బిట్వీన్ ద లైన్స్' అంటే పైకి రాయని భావాన్ని పట్టుకోవడం. ముందున్న చిన్నమాట మారితే అర్థమూ మారుతుంది, కాబట్టి దాన్ని వదిలేసి రాయొద్దు. దర్శనం వరసను అమెరికావాళ్లు లైన్ అంటే బ్రిటన్‌వాళ్లు క్యూ అంటారు. మనం రెండూ కలిపి 'క్యూలైన్' చేసుకున్నాం.

ఐదో పని: ఇంగ్లీషులోకి తీసుకుపోకూడనివి వేరుచేయండి

అమ్మాయికి 'లైన్ వేయడం' మన వాడుక. దాన్ని మాటకు మాటగా ఇంగ్లీషులో పెడితే ఎదుటివాళ్లకు అందదు. ఏ లైన్లో ఉన్నారని అడగాలంటే 'లైన్ ఆఫ్ వర్క్' అంటే స్పష్టంగా ఉంటుంది. పలికేటప్పుడు చివరి ఉకారం వదిలేయండి. సింహాన్ని 'లయన్' అని రెండు ముక్కలుగా పలకడం అలవాటు చేసుకోండి. లేకపోతే సింహం కాస్తా గీతయి కూర్చుంటుంది.

ఆరో పని: వాడండి

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో పోతూ కిటికీలోంచి కనిపించిన వాటి మీద ఐదు వాక్యాలు అల్లండి. ఒక్కో వాక్యంలో లైన్ ఒక్కో అర్థంతో రావాలి. స్నేహితుడికి వినిపించి, ఏ పేజీదో చెప్పమనండి. అతను తడబడితే ఆ వాక్యంలో జతమాట సరిగ్గా పడలేదేమో చూసుకుని మార్చండి.

వచ్చే వారానికి 'పాయింట్' తీసుకోండి. ఆళ్లగడ్డలో దిగి శిల్పి చేతిలో ఉలి మొన చూస్తే దానికి మొదటి పేజీ దొరుకుతుంది.