శ్రీకూర్మం తాబేళ్లు, డార్విన్ పాఠం

ఉద్యోగమంతా డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పాను. పొద్దున విష్ణు సహస్రనామం చదువుకుని, వెళ్లి పరిణామం పాఠం చెప్పేవాణ్ని. రెండూ ఎలా పొసిగాయని నా శిష్యులు ఇప్పటికీ అడుగుతుంటారు. వాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

1. దశావతారాలను డార్విన్‌కు సాక్ష్యంగా పిలవకండి. చేప, తాబేలు, వరాహం, నరసింహుడు, వామనుడు అనే వరస ముచ్చటగానే ఉంటుంది. పరిణామం మాత్రం మెట్లవరస కాదు, కొమ్మలు చీలుతూ పెరిగే చెట్టు. తాబేలు నుంచి పంది రాలేదు, ఎంతో వెనక్కి వెళ్తే రెండింటికీ ఒకే పూర్వజీవి ఉంది. నరసింహుడికి శిలాజాల్లో చోటు వెతికితే శాస్త్రం నిలవదు, భక్తీ చిన్నబోతుంది. ప్రహ్లాదుడి మొర విని స్తంభంలోంచి వచ్చిన స్వామిని రెండు జాతుల మధ్య లంకెగా మార్చడం నాకు మనసొప్పదు. శ్రీకూర్మం గుడికి వెళ్లినప్పుడు కూర్మనాథుడికి దండం పెట్టుకుంటాను. ఆవరణలోని నక్షత్ర తాబేళ్లను చూపించి పిల్లలకు సరీసృపాల గురించి చెబుతాను. దండానికి పాఠం రుజువు కానక్కర్లేదు.

2. కోతి దగ్గరే ఆగిపోకండి. ఇవాళ్టి కోతి నుంచి మనిషి పుట్టాడని డార్విన్ చెప్పలేదు. మనకూ చింపాంజీలకూ ఉమ్మడి పూర్వీకులుండేవారు. దారులు వేరుపడి సుమారు 60–70 లక్షల ఏళ్లయింది. హనుమంతుణ్ని కొలిచే ఇళ్లలో ఈ చుట్టరికం నామోషీ ఎందుకవ్వాలి?

3. అసలు కష్టం బాధ దగ్గరుంది. 1851లో డార్విన్ పదేళ్ల కూతురు ఆనీ చనిపోయింది. ఆ తండ్రి విశ్వాసాన్ని కోతులకంటే ఆ చావే ఎక్కువ కుదిపిందని నా నమ్మకం. అలాంటి బాధ మన దగ్గరా ఉంది. మన పాడేరు, అరకు మన్యంలో సికిల్ సెల్ అనే రక్త జబ్బు ఉంది. ఆ జబ్బు తెచ్చే జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వస్తే ప్రాణాంతక మలేరియా నుంచి చాలావరకు కాపాడుతుంది. ఇద్దరి నుంచీ వస్తే బిడ్డ ఒళ్లంతా నొప్పులతో విలవిల్లాడుతుంది. మలేరియా ఉన్నచోట ప్రకృతి వరణం ఆ జన్యువును నిలబెట్టింది. ఒకరిని బతికించేదే ఇంకొకరిని హింసిస్తుంటే, దేవుడు అన్నీ కొలిచి చేశాడని నేను అనలేను. పూర్వజన్మ కర్మ అని ఆ బిడ్డ తల్లితో అనడం మహాపాపం. నేను వేడుకునే దేవుడు ఆ బిడ్డ పక్కన కూర్చునే ఓపిక ఇచ్చేవాడు. ఇంతకు మించిన జవాబు నాకు దొరకలేదు.

4. ముందు నడిచినవాళ్లను చదవండి. వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టిన మెండెల్ క్రైస్తవ మఠవాసి. పరిణామం లేకుండా జీవశాస్త్రంలో ఏదీ అర్థం కాదని 1973లో రాసిన డాబ్జాన్‌స్కీ దేవుణ్ని నమ్మినవాడు. నమ్మనివాళ్లనూ గౌరవించండి. ప్రకృతి వరణాన్ని లెక్కల్లో పెట్టిన హాల్డేన్ నాస్తికుడు. 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాక, ఆయన కోరిక మేరకు దేహం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి చేరింది. ఆ దేహదానాన్ని నేను పుణ్యకార్యమనే అంటాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, 2023లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో పరిణామం పాఠం లేదు. ఆ తర్వాత బయాలజీ తీసుకోని పిల్లలు దాన్ని వినకుండానే చదువు ముగిస్తారు. మీ ఇంట్లో అలాంటి పిల్లలుంటే మీరే కూర్చోబెట్టి చెప్పండి. దేవుడి పేరు చెప్పి మానేయకండి.