రేగడిలో రాళ్లతోటకు గుంత తవ్వకండి

కార్తీకం దాటి వానలు వెనకబట్టాక నల్లరేగడి పదునుకొస్తుంది. పార దిగుతుంది, మట్టి చెప్పులకు అంటుకోదు. పొలం దగ్గరి ఇంటి ముందో, మోటారు గది పక్కనో రాళ్లతోట వేసుకోవాలనుకునేవాళ్లకు ఇదే అదను. మామూలుగా అందరూ చేసేది ఏమిటంటే, మూరెడు లోతు గుంత తవ్వి, అడుగున కంకర పోసి, పైన ఇసుక కలిపిన మట్టి నింపి రాళ్లు పేర్చడం. ఎర్రచెల్కలో ఆ పద్ధతి నడుస్తుంది. ఆదిలాబాద్, నంద్యాల, పల్నాడు రేగళ్లలో మాత్రం అది మొక్కలను ముంచే తొట్టి అవుతుంది. ఇక్కడ తోటను నేల మీదికి లేపాలే గానీ నేలలోకి దించకూడదు.

నమ్మకం కుదరకపోతే అడుగు లోతు గుంత తీసి నిండా నీళ్లు పోయండి. మొదటిసారి పోసినవి గబగబా ఇంకిపోతాయి. అవి తాగింది పగుళ్లు, దాన్ని చూసి మోసపోవద్దు. మళ్లీ నింపండి. రేగడిలోని బంకమట్టి నీరు తాగితే ఉబ్బుతుంది, వేసవిలో చెయ్యి పట్టేంత పగులు కూడా గట్టి వానలకు మూసుకుపోతుంది. అందుకే రెండోసారి పోసిన నీళ్లు మర్నాడు పొద్దున కూడా గుంతలో కనిపిస్తాయి. ఆ గుంతలో కంకర పోస్తే నీరు కంకరలోకి దిగుతుంది, నిజమే. అక్కడి నుంచి ఎక్కడికి పోతుంది? చుట్టూ గోడలా రేగడే. శ్రావణంలో వారం ముసురు పడితే చాలు, కలబంద, ఎడారి గులాబి వేళ్లు కుళ్లిపోతాయి.

రేగడిలోనే ఇసుక కలిపి గుల్ల చేసుకోవచ్చు కదా అంటారు. చెల్కకు చెరువుమట్టి తోలితే నేల మారడం మన రైతులకు తెలిసిన సంగతే. కానీ ఆ లెక్క తిరగేస్తే పనిచెయ్యదు. ఇసుకనేలకు కొద్దిపాటి బంక చాలు. బంకనేలలో కొద్దిపాటి ఇసుక పోస్తే ఆ రేణువుల సందులన్నీ బంకే పూడ్చేస్తుంది. ఇటుకలు కోసేవాళ్లు బంకమట్టిలో ఇసుక కలిపేది ఇటుక పగలకుండా ఆరడానికి, మనకు కావలసింది ఇటుక కాదు గదా. గుణం మారాలంటే ఇసుక సగానికి మించాలి. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, అడుగు లోతు అంటే నూరు ఘనపుటడుగుల మట్టి, దానికి అంతకు మించిన ఇసుక, ఇంచుమించు ఒక ట్రాక్టరు. అదే సరుకును తవ్వకుండా నేల మీద పోస్తే అంతమేరా అడుగు ఎత్తు దిబ్బ లేస్తుంది. జిప్సం చల్లమనేవాళ్లూ ఉన్నారు. అది చౌడుకు మందు. మామూలు రేగడిలో సున్నానికి కొదవ లేదు.

ఎత్తు ఎందుకో గిన్నెలు తోమే స్పాంజి చెబుతుంది. బాగా తడిపి అడ్డంగా పట్టుకోండి. కారడం ఆగాక దాన్నే నిలువుగా తిప్పండి, మళ్లీ నీరు కారుతుంది. తడి అడుగున నిలిచి పైభాగానికి గాలి ఆడుతుంది. దిబ్బ కూడా అంతే. కనీసం అడుగున్నర, వీలైతే రెండడుగులు ఉండాలి. మొరం, ముతక ఇసుక ఎక్కువగా, చివికిన పశువుల ఎరువు తక్కువగా కలపండి. పాత ఇళ్ల సిమెంటు పెళ్లలు వద్దు, రేగడికి ఉన్న క్షారం చాలు.

ఎత్తు దిబ్బ వేసవిలో ఎండిపోతుందన్న మాట నిజం. అందుకే నల్లేరు, బ్రహ్మజెముడు, నాచుపూల వంటివి ఎంచుకోవడం. పైగా రాతి నీడన మట్టి చల్లగా ఉంటుంది, లోతుకు దిగిన వేరుకు కింద రేగడిలోని తేమ అందుతుంది. రాళ్లు కదులుతాయన్న భయమూ సరైనదే. రేగడి ఏటా ఉబ్బి కుంగుతుంది, ఇళ్ల గోడలే చీలుతున్నాయి. కాబట్టి సిమెంటు పెట్టకండి, అతుకు మొదటి ఏడే విడిపోతుంది. వెడల్పాటి బండలు అడుగున వేసి, ప్రతి రాయినీ మూడోవంతు దిబ్బలో పూడ్చి, కాస్త వెనక్కి వాల్చండి. కదిలినా లోపలికే ఒరుగుతుంది.

మొక్కలు మాఘం దాకా పెట్టకండి. ఈలోగా రెండు మూడుసార్లు నీళ్లు పోసి, కుంగినచోట మొరం ఎగదొయ్యండి. అన్నిటికన్నా ముందు, దిబ్బ పొయ్యబోయే జాగాలో తుంగగడ్డలు ఏరెయ్యండి. రాళ్లు పేర్చాక దాని గడ్డ చేతికి అందదు.