అంతర్జాలమున తెలుగు గ్రంథములు: స్వామ్యకాల నిర్ణయము

ఆంధ్రదేశమునకు దూరమున తెలుగు బోధించు శాఖలకు అంతర్జాలము చేసిన మేలు ఇంతయని చెప్పవలనుపడదు. ఒకప్పుడు వేటపాలెమునకో రాజమహేంద్రవరమునకో పోయి చూడవలసిన పాతముద్రణములు, ఈ శతాబ్ది తొలి దశకమున నడచిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వంటి ప్రయత్నములచే విద్యార్థి చేతికే వచ్చినవి. అయితే గ్రంథపు ఛాయాప్రతిని అంతర్జాలమున నుంచుట చట్టదృష్టిలో దానిని లోకమునకు అందించుటయే; ఆ హక్కు గ్రంథస్వామిది. తెలిసి ఉల్లంఘించినవారికి ఆఱు నెలలు మొదలు మూడేండ్లవఱకు కారాగారశిక్షయు, జరిమానాయు కలవు. లాభాపేక్ష లేనిచో న్యాయస్థానము తగిన కారణములు చూపి శిక్ష తగ్గింపవచ్చును గాని, నేరము నేరమే. ‘పాతపుస్తకము గదా’ యను సమాధానము చెల్లదు. ఎంత పాతది అనునదే ప్రశ్న.

1957 నాటి చట్టము ననుసరించి, రచయిత జీవితకాలమున వెలువడిన కృతికి, అతడు గతించిన సంవత్సరమునకు మఱుసటి సంవత్సరారంభమునుండి 60 ఏండ్లు స్వామ్యము నిలుచును. మొదట 50 ఏండ్లుగా నున్న గడువును 1992 నాటి సవరణ పెంచినది. కావున ముద్రణవర్షమును బట్టి లెక్కించుట తప్పు. మహాప్రస్థానము 1950లో అచ్చయినది. శ్రీశ్రీ మరణము 1983లో. స్వామ్యము 2043 అంతమువఱకు నుండును. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు 1963లో దివంగతులైరి గనుక వారి జీవితకాలమున ప్రకటితములైన రచనలు 2024 జనవరి నుండి అందఱివి. మరణానంతరము తొలిసారి అచ్చయిన రచనలకు మాత్రము ప్రకటనవర్షమే మొదలు.

మన జంటకవుల విషయము విచిత్రము. ఎవరి పాలెంతయో విడదీయరాని ఉమ్మడికృతికి, కడపట గతించినవాని మరణమే ప్రమాణమని చట్టము. కాటూరి వేంకటేశ్వరరావుగారు 1962లో, పింగళి లక్ష్మీకాంతముగారు 1972లో గతించిరి. కాటూరివారి సొంతరచనలకు గడువు 2022తో తీరినను, ఇరువురి సౌందరనందము 2032 అంతమువఱకు స్వామ్యమున నుండును. ఒకే కవి గ్రంథములు రెండు పట్టికలలో చేరవలసివచ్చును.

తిక్కన భారతమునకు స్వామి లేడు. కాని పరిష్కర్త వ్రాసిన పీఠికయు వ్యాఖ్యయు ఆయన సొత్తు. పాఠనిర్ణయము మాట యేమి? తీర్పుల ముద్రణమునకు సంబంధించిన వివాదమున 2007లో సర్వోన్నత న్యాయస్థానము, కేవలశ్రమ చాలదు, నైపుణ్యముతోపాటు స్వల్పమైనను సృజన యుండవలెనని నిర్ణయించినది. తాళపత్రపాఠములు తూచి ఒకదానిని గ్రహించుట కేవలశ్రమ కాదని నా యభిప్రాయము. ప్రతిపక్షమునకును వాదము కలదు.

అసలు చిక్కు మరణవర్షము తెలియకుండుటలో నున్నది. మన గ్రంథపట్టికలలో ముద్రణవర్షముండును, కర్త గతించిన వర్షముండదు. వంశీయులనడిగిన తిథి చెప్పుదురు, మహాయైన సంవత్సరనామము చెప్పుదురు. శోభకృత్తున గతించెనన్నచో నది 1963 యా, 1964 యా? శ్రావణమైనచో 1963, కృతి 2024లో విముక్తము. మాఘమైనచో 1964, విముక్తి 2025లో. మన చక్రమునకును 60 ఏండ్లే గాని, ఉగాదికి మొదలగు సంవత్సరము రెండు ఆంగ్లవర్షములను తాకును. చట్టము జనవరినే ఎఱుగును. కావున మాసము తెలియనిదే సంవత్సరనామము చాలదు.

స్వామియే దొరకనిచో? 31-ఎ విభాగము ననుసరించి అనుమతి కోరవచ్చును. 2021 నుండి అధికారము వాణిజ్య న్యాయస్థానములది. అంతకుముందు దరఖాస్తుదారుడు తన సంకల్పమును దేశమున అధికభాగము చెల్లు ఆంగ్లదినపత్రికలో ఒకనాడు ప్రకటింపవలెను. అనువాదమైనచో ఆ భాషాపత్రికలోను ప్రకటింపవలెను. మూలగ్రంథమునకు ఆంగ్లపత్రిక చాలునట! తెలుగు పండితుని మనుమడు ఏ పల్లెనో నుండి ఆ ప్రకటన చూచునని శాసనకర్తలు తలచిరి కాబోలు. వ్యాపారదృష్టి లేని గ్రంథాలయము తనయొద్ద నున్న ప్రతిని భద్రతకై ఛాయారూపమున నిలువచేయుటను 2012 సవరణ అనుమతించినది. కాని ఆ వెసులుబాటు నిలువకే గాని ప్రకటనకు కాదు. మూలగ్రంథపు విషయమునను తద్భాషాదినపత్రికలో ప్రకటన విధింపవలెనని భారతీయభాషాశాఖలన్నియు కలిసి కోరుట యుక్తము.